బోర్లించిన పాత్ర కింది బిడ్డ

జ్యేష్ఠమాసపు ఎండకు కృష్ణవేణ్ణా నది రాళ్ల మధ్య సన్నని పాయలుగా చీలిపోయిన ఆ కాలంలో, ధాన్యగిరి దుర్గపు తూర్పు బురుజు మీద నిలిచి చూచినవానికి కొండపాదం మొదలుకొని కనుచూపు మేర వరకు నేల అన్నది కనిపించేది కాదు. మేఖలరాజు ఉగ్రదండుని డేరాలు, ఏనుగుల కొట్టాలు, గుర్రాల బారులు, వంటపొయ్యిల పొగ, ఆ పొగ వెనుక తగలబడుతున్న పల్లెల పొగ, ఇవే కనిపించేవి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా శత్రువుల అన్నం ఉడుకుతున్న వాసన కోటలోకి వచ్చేది. ఆ వాసన చేసినంత హాని ఆ దండులోని రాళ్లు రువ్వే శిలాయంత్రాలు కూడా చేయలేదని ఆ ముట్టడిలో బతికి బయటపడ్డవారు ముసలితనం దాకా చెప్పుకొన్నారు.

పేరుకు ధాన్యగిరి. లోపల గాదెల్లో ఎలుకలు కూడా ఆశ వదులుకొని వెళ్లిపోయిన రోజులవి. మహారాజు స్కందశ్రీ మంచం పట్టిన వృద్ధుడు. సింహాసనం మీద కూర్చోవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆ దుర్గం ఇంకా నిలిచి ఉన్నదంటే దానికి కారణం దండనాయకుడు రెమ్మణకుడు. ఎత్తైన మనిషి, మితభాషి. తన భటులు గంజి తాగితే తాను గంజి తాగుతూ, వారు పస్తుంటే తాను పస్తుంటూ, తూర్పు గోడ మీద ఎండకు నల్లబడిపోయాడు. కోటలు కట్టించేవారు ఎప్పుడూ బయటివారిని తలచుకొనే గోడలు లేపుతారు. లోపలివారిని తలచుకొని గోడ కట్టిన స్థపతి ఇంతవరకు పుట్టలేదు. పుట్టి ఉంటే మహామాత్యుడు భద్రపాలుని భవనం చుట్టూ మొదట ఒక గోడ లేపేవాడు.

భద్రపాలుడు ఈ గడ్డ మీద పుట్టినవాడు కాడు. దూరదేశపు ఘటికా విద్యాలయాలలో చదివి, వాక్చాతుర్యంతో మహారాజును మెప్పించి, పదవి సంపాదించి ఇక్కడ స్థిరపడ్డాడు. భార్య పురిట్లోనే పోయింది. ఉప్పలిక అనే పసిపిల్ల ఒక్కతే మిగిలింది. ఆ పిల్లను అతడు ప్రాణంగా చూసుకొన్నాడన్న మాట మాత్రం నిజం. ద్రోహికి కూడా అంత మంచితనం ఉండవచ్చునని ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. ఉన్నమాట దాచలేను.

దుర్గం నడిమధ్య, విహారపు భోజనశాల వాకిట, హారీతి విగ్రహం ఉండేది. సున్నపురాతిలో చెక్కిన యక్షిణి: నిండైన రొమ్ములు, ఎడమ తొడ మీద ఒక బిడ్డ, కుడి చేయి అరచేయి తెరిచి ముందుకు చాచి ఉంటుంది. పెదవుల చివర రెండు కోరలు ఉన్నాయి. శిల్పి వాటిని చెక్కడం మానలేదు, చిన్నవి చేసి వదిలాడు. పీఠం మీద, ఆమె పాదాల పక్కన, బోర్లించిన భిక్షాపాత్ర ఒకటి. ధాన్యగిరిలో ప్రతి ఇల్లాలూ వండిన దానిలో మొదటి ముద్ద తెచ్చి ఆ తెరిచిన అరచేతిలో పెట్టాలి. ఆ ముద్దలన్నీ కలిపి విహారంలోని భిక్షుణులు దిక్కులేని పిల్లలకు తినిపించేవారు. ముట్టడిలో, ఇంట్లో రెండో ముద్ద లేనప్పుడు కూడా, మొదటి ముద్ద వచ్చేది.

ఇంకొక ఆచారం కూడా ఉంది. అన్నప్రాశన నాడు బిడ్డను తెచ్చి ఆ రాతి ఒడిలో కూర్చోబెట్టి, తల్లి చేతులు తీసేసి, "అమ్మా, వీడు నా బిడ్డ కాదు, నీ బిడ్డ" అనాలి. అని, మళ్లీ రెండు చేతులూ చాచి, "నీ బిడ్డను నాకివ్వు, పెంచి పెద్ద చేస్తాను" అని అడిగి ఎత్తుకోవాలి. దుర్గంలో పుట్టినవారిలో రాజు మొదలుకొని చాకలి దాకా ఆ ఒడిలో కూర్చోనివారు లేరు, ఒక్క ఉప్పలిక తప్ప. "నరమాంసం తిన్నదాని ఒడిలోనా నా కూతురిని కూర్చోబెట్టేది!" అని భద్రపాలుడు ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు.

రెమ్మణకునికీ అతని భార్య బోధినికకూ, ఇక పిల్లలు కలగరని బంధువులు జాలిపడడం కూడా మానేసిన వయసులో తిస్సుడు పుట్టాడు. వాణ్ణి ఒడిలో కూర్చోబెట్టిన నాడు విహారంలోని వృద్ధ భిక్షుణి, ధర్మనంది థేరి, ఆచారం ప్రకారం కథ చెప్పింది.

"ఈమె ఒకప్పుడు ఊళ్ల మీద పడి పిల్లలను ఎత్తుకుపోయేది. తన కడుపున పుట్టిన ఐదువందల మందిని పరాయి తల్లుల బిడ్డలతో మేపింది. తథాగతుడు ఆమె కడగొట్టువాణ్ణి తెచ్చి తన భిక్షాపాత్ర కింద దాచాడు. ఆమె లోకమంతా వెతికి, గుండెలు బాదుకొని, చివరికి ఆయన కాళ్ల మీద పడింది. 'అంతమందిలో ఒక్కడు కనబడకపోతే నీకింత దుఃఖం వచ్చింది. ఉన్న ఒక్కడినీ నీ వల్ల పోగొట్టుకొన్న తల్లి ఎట్లా బతుకుతోందో తెలిసిందా?' అన్నాడాయన. పిల్లలను పట్టుకునే ఆ చేయి ఆనాడు తెరుచుకొంది. చూడండి, ఇంకా తెరిచే ఉంది."

అందరూ చేతులు జోడించారు. భద్రపాలుడు మాత్రం బయటికి నడుస్తూ, దండనాయకుని భుజం మీద చేయి వేసి నవ్వాడు.

"దేవత అయితేనేం, యక్షిణి అయితేనేం, తల్లి తల్లే దండనాయకా! లోకం తలకిందులైనా చూడండి, తన బిడ్డను మాత్రం ఒడి దించలేదు."

ఆ మాట తప్పని అప్పుడెవరూ అనలేదు, ఎందుకంటే దుర్గంలో దాదాపు అందరూ అలాగే అనుకొనేవారు. ఆ పొరపాటు ఆ మనిషి మనసులో ముళ్లకంప నాటుకున్నట్టు నాటుకొని అక్కడే పెరిగింది.

ముట్టడి మొదలు కావడానికి కొంచెం ముందు, నది అవతలి పల్లెలో బోధినిక తల్లికి జబ్బు చేసి మనవణ్ణి చూడాలని కబురు పెట్టింది. పడవను, వెంట మనుషులను ఏర్పాటు చేసినవాడు భద్రపాలుడే. పిల్లవాడు వెళ్లాడు, ఆ వెనుకనే శత్రుసేన దారులన్నీ మూసేసింది. బిడ్డ అమ్మమ్మ దగ్గర క్షేమంగా ఉన్నాడనుకొని బోధినిక రోజూ భోజనశాల వాకిట కూర్చొని, ఊరి పిల్లలకు గంజి పోస్తూ కాలం గడిపింది.

ఒకనాడు మధ్యాహ్నం, పిల్లల బారు ఇంకా సగం మిగిలి ఉండగా, అమాత్యుడు వచ్చి ఆమెను మండపం పక్కకు పిలిచి, మడిచిన ఉత్తరీయంలోంచి ఒక వెండి అందె తీసి అరచేతిలో పెట్టాడు. తిస్సుని కాలిది. పాకే వయసులో గడప మీద పడి సొట్టపోయిన చోటు అలాగే ఉంది.

"దేవీ, నన్ను దూతగా మాత్రమే భావించు. ఇది శత్రువుల బాణానికి కట్టి మా భవనపు పెరట్లో పడింది. నీ కుమారుడు ఉగ్రదండుని శిబిరంలో ఉన్నాడు. రేపు మిట్టమధ్యాహ్నం నీటివాకిలి తెరిస్తే బిడ్డ నీ ఒడికి వస్తాడు. తెరవకపోతే ఏమవుతుందో నా నోటితో చెప్పలేను. ఆలోచించు తల్లీ. మహారాజు రేపో మాపో పోయేవాడు. ఈ దుర్గం కూడా అంతే. పోయేవాటి కోసం బతకవలసినదాన్ని బలిపెడతావా? దండనాయకునికి చెప్పకు. ఆయన ధర్మం ఆయన్ను బంధిస్తుంది. నువ్వు తల్లివి, నిన్ను బంధించేది ఏదీ లేదు."

నీటివాకిలి అంటే కొండను తొలిచి నదికి దింపిన ఇరుకైన సొరంగం. నదివైపు ఒక తలుపు, కోటవైపు ఒక తలుపు. దండనాయకుడు యుద్ధంలో పట్టుబడవచ్చు గనుక, ఆ రెండు తలుపుల తాళాలు అతని ఇల్లాలి నడుమునే ఉండాలని పూర్వపు రాజుల కట్టడి. అమాత్యుడు ఆమె దగ్గరికే వచ్చింది అందుకు.

బోధినిక అందెను పిడికిట బిగించింది. బాణమే అయితే తన భర్త నిలబడే తూర్పు గోడ మీద పడాలి; మంత్రి భవనపు పెరట్లో పడదు. అమ్మమ్మ ఇల్లు ఏ పల్లెలో ఉన్నదో తెలిసిన పరాయివాడు ఈ కోటలో ఒక్కడే. ఆమెకు అంతా తెలిసిపోయింది. తెలిసినా, ఆ మనిషి గొంతు పట్టుకోవడానికి చేతులు లేవలేదు. ఆ చేతుల్లో ఒకదానిలో అందె ఉంది.

"బిడ్డను ముందు నాకు చూపించాలి," అంది.

"ముందు వచ్చే భటుని భుజం మీద ఉంటాడు. నాది పూచీ."

"అయితే తెరుస్తాను."

భద్రపాలుడు హారీతి వైపు ఒక చూపు చూసి, తాను అనుకొన్నదే అయినందుకు తృప్తిపడి వెళ్లిపోయాడు. బోధినిక తిరిగి వచ్చి మిగిలిన పిల్లలకు గంజి పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు. చివరి పిల్ల వెళ్లాక విగ్రహం ముందు కూలబడి ఏడ్చింది, పెద్దగా, సిగ్గు విడిచి. ధర్మనంది థేరి వచ్చి పక్కన కూర్చొని, జరిగిందంతా వింది.

"థేరీ, ఈ తల్లి అయితే ఏం చేసేది?"

"నేను కననిదాన్ని తల్లీ. ఇలా చెయ్యి అని నీకు చెప్పే అర్హత నాకు లేదు. ఈ రాతిలో ఏముందో అది చెప్పగలను. ఒడిలో ఉన్నది ఎవరి బిడ్డ?"

"ఆమె బిడ్డే. అందరికీ తెలుసు గదా."

"నీ వేళ్లు ఆ పాత్ర అంచు కింద పెట్టు."

బోధినిక వంగి, బోర్లించిన పాత్ర అంచుకింద, నీడలో తడిమింది. తగిలాయి. కంటికి కనబడనంత లోపల, గోధుమగింజలంత నాలుగు వేళ్లు, లోపలి నుంచి అంచును పట్టుకొని ఉన్నాయి.

"ఆమె బిడ్డ ఇంకా పాత్ర కిందనే ఉన్నాడు," అంది థేరి. "ఈ దుర్గపు శిల్పి వాణ్ణి బయటికి తీయలేదు. ఒడిలో ఉన్నది పరాయి తల్లి బిడ్డ. తనవాడు దొరుకుతాడో లేదో తెలియని ఆ గడియలో ఆమె పరాయి బిడ్డను ఎత్తుకొంది. దేవత అయింది ఆ గడియలోనే. బిడ్డ దొరికాక ఎవరైనా మంచివాళ్లు కాగలరు. మా గురువమ్మ నా వేళ్లు ఇక్కడ పెట్టించి చూపింది. నేను నీకు చూపాను. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు తల్లీ."

పొద్దు వాలే వేళకు బోధినిక తూర్పు గోడ ఎక్కింది. రెమ్మణకుడు అందెను చూశాడు. ఆమె చెప్పింది విన్నాడు. వింటున్నంత సేపూ శత్రువుల డేరాల వైపే చూస్తూ, ఒక్కొక్క డేరానూ విడివిడిగా చూస్తూ నిలబడ్డాడు. తరువాత ఆమె వైపు తిరిగాడు.

"దేవీ, జీవితంలో నేను ఆజ్ఞలు ఇచ్చాను, ఆజ్ఞలు పాటించాను. ఈ ఒక్క ఆజ్ఞ నాకు నేను ఇచ్చుకోలేను. తెరవమని నువ్వంటే ఇప్పుడే దిగి వచ్చి నా చేతులతో తెరుస్తాను. ద్రోహి అన్న పేరు మోసుకొని బతుకుతాను. వద్దని నువ్వంటే మానుతాను. నువ్వు చెప్పు. నాకు నోరు రావడం లేదు."



"ఆర్యపుత్రా," అంది బోధినిక, "నాకు తెరవాలని ఉంది. ఈ క్షణంలో కూడా తెరవాలనే ఉంది. వాడి ఒంటి వాసన నాకు ఇక్కడ తెలుస్తోంది. కాని తెరిస్తే, రేపు పొద్దుగూకే లోపల, నేను గంజి పోసిన చేతులన్నీ ఈ వీధుల్లో తెగిపడతాయి. వాడొక్కణ్ణి ఎత్తుకొని ఆ పిల్లల మీదుగా నడిచి ఇంటికి పోలేను. తలుపు తెరుస్తాను, కాని వాళ్లు అనుకొన్నట్టు కాదు. మీ మనుషులను సొరంగం పైన పెట్టండి. ఆ వేళకే మీరు పెద్ద వాకిలి నుంచి శిబిరం మీద పడండి. పడి, వీలైతే..."

"వీలైతే తెస్తాను," అన్నాడు రెమ్మణకుడు.

మరునాడు సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ, కావలివాళ్లు కునికే వేళ, బోధినిక తాళాలు తీసుకొని సొరంగంలోకి నడిచింది. భద్రపాలుడు లోపలి తలుపుకు కోటవైపున తెల్లని తలపాగాతో నిలబడ్డాడు. తెల్ల తలపాగావారిని కొట్టవద్దని శత్రువులతో అతని ఒప్పందం. ఆమె నదివైపు తలుపు గడియ తీసింది. ఎండ ఒక్కసారి లోపలికి పడింది. రాళ్ల చాటు నుంచి మేఖల భటులు లేచి, మెట్ల మీదుగా, ఏరిన వీరులు, ఉగ్రదండుని ప్రాణం లాంటివాళ్లు, బారుగా ఎక్కి వస్తున్నారు. బోధినిక మొదటివాని భుజం చూసింది. రెండోవాని భుజం చూసింది. ఆ వెనుక, ఇంకా ఆ వెనుక, కళ్లకు అందినంత వరకు ప్రతి భుజమూ చూసింది. ఏ భుజం మీదా బిడ్డ లేడు.

ఆమె వెనుదిరిగి పరుగెత్తి లోపలి తలుపు దాటి వచ్చింది. దాటీ దాటగానే చాటున ఉన్న భటులు తలుపు మూశారు. ఆమె తాళం బిగించి, తాళపుచెవిని పక్కనున్న పాడుబడ్డ బావిలో పడవేసింది. పైన బండలు దొర్లాయి. నదివైపు దారి మూసుకుపోయింది. సొరంగం కప్పులోని రంధ్రాల గుండా కాగిన నూనె దిగడం మొదలైంది. ఆ అరుపులు నేను వర్ణించను. వాళ్లకూ తల్లులు ఉన్నారు.

భద్రపాలుని ముఖం తలపాగాకంటె తెల్లబడింది. "పిచ్చిదానా! ఏం చేశావు! నీ బిడ్డ! నీ బిడ్డ!"

"నా బిడ్డ పాత్ర కింద ఉన్నాడు అమాత్యా," అంది బోధినిక. "నువ్వే పెట్టావు."

అదే గడియలో పెద్ద వాకిలి తెరుచుకొని రెమ్మణకుడు తన గుర్రపు దళంతో కొండ దిగాడు. మేటి భటులంతా సొరంగంలో చిక్కిన ఆ శిబిరం మధ్యాహ్నపు మత్తులో ఉంది. ఆ యుద్ధాన్ని తరువాతి కవులు చాలా పెద్దగా పాడారు. నిజానికి అది చిన్నదే. ఉగ్రదండుడు ఏనుగెక్కి పారిపోతూ ఒక ఆజ్ఞ ఇచ్చి పోయాడు, తిస్సుణ్ణి ఉంచిన చిన్న డేరా దగ్గరి కావలివానికి. రెమ్మణకుడు ఆ డేరా వైపే, అడ్డం వచ్చినవారినల్లా నరుకుతూ, పక్కలో దిగిన బల్లెం పెరికివేయక అలాగే పెట్టుకొని పరుగెత్తాడు. చేరాడు కూడా. కొద్దిగా ఆలస్యమైంది.

సాయంత్రానికి ముట్టడి విడిపోయింది. శత్రువుల వంటపొయ్యిల మీది అన్నం జనం కొండ దిగి వెళ్లి తిన్నారు. దండనాయకుని గుర్రం నడుచుకొంటూ వాకిట్లోకి వచ్చింది. అతడు ముందుకు వాలి, తన ఉత్తరీయంలో చుట్టిన బిడ్డను రెండు చేతులతో ఎదకు అదుముకొని ఉన్నాడు. బోధినిక బిడ్డను అందుకొన్నాక గాని చేతులు వదల్లేదు.

"తెచ్చాను," అన్నాడు. అంతటితో అయిపోయింది.

తండ్రినీ కొడుకునూ నది ఒడ్డున ఒకే చితి మీద ఉంచారు. మహారాజు స్కందశ్రీని పల్లకిలో మోసుకొచ్చారు. ఆ వృద్ధుడు కంటతడి పెట్టి, రెమ్మణకుని పాదాలు తాకి, "నా కిరీటం ఈ పాదాల దగ్గర ఉండదగినది" అన్నాడు. భద్రపాలునికి మరునాడు దుర్గద్వారం ముందు శిరశ్ఛేదం చేశారు. చావబోతూ అతడు అడిగింది ఒక్కటే: "నా కూతురు?"

జవాబు ధర్మశాస్త్రంలో ఉంది. ఆ రాజ్యంలో రాజద్రోహి సంతానాన్ని, ఆ ద్రోహం వల్ల ఎక్కువ నష్టపోయిన ఇంటివారికి అప్పగించాలి. వారు ఏం చేసినా అడిగేవారు ఉండరు. సాధారణంగా వారు ఏం చేస్తారో అందరికీ తెలుసు. తలారి ఒక చేత ఉప్పలికను, ఒక చేత కత్తిని పట్టుకొని బోధినిక వాకిట నిలబడ్డాడు. వెనుక ఊరంతా ఉంది. "బురుజు మీది నుంచి తోసెయ్యండి!" అని ఎవరో అరిచారు. అరిచినామె కొడుకు ఆ ముట్టడిలో ఆకలితో పోయాడు. ఆమెను నేను తప్పుపట్టను.

బోధినిక ఆ పిల్ల ముఖం చూసింది. తండ్రి కళ్లు. అవే కళ్లు, అదే కనురెప్పల వంపు. చూస్తుంటే ఆమెకు ఒళ్లు మండింది. ప్రేమ కలగలేదు, దయ కూడా కలగలేదు. తలారి చేతిలోంచి పిల్ల చేతిని లాక్కొని, కాళ్లు బొబ్బలెక్కే నేల మీద చరచర నడిపించుకుంటూ పోయింది. ఊరంతా వెంట నడిచింది. ఆమె బురుజు మెట్ల దగ్గర ఆగలేదు. భోజనశాల దాకా వెళ్లింది.

కొంగులోంచి తిస్సుడు పాలు తాగిన చిన్న కంచుగిన్నె తీసి, హారీతి పాదాల దగ్గర, రాతి పాత్ర పక్కన బోర్లించింది. సొట్టపోయిన అందె దాని కింద ఉంది. తరువాత ఉప్పలికను రెండు చంకలు పట్టి లేపి, ఆ రాతి ఒడిలో కూర్చోబెట్టింది. రాయి ఎండకు కాలి ఉంది. పిల్ల ఏడుపు అందుకొంది. బోధినిక చేతులు తీసేసి, ఊరంతా వినేటట్టు పలికింది.

"అమ్మా, ఇది నా బిడ్డ కాదు."

ఆ దుర్గంలో ఎందరో తల్లులు అన్న మాట అది. ఆనాటి దాకా అన్నవారందరూ మనసులో అబద్ధమని తెలిసే అన్నారు. బోధినిక అక్కడ ఆగింది. ధర్మనంది థేరి కళ్లు మూసుకొంది. పిల్ల ఏడుస్తూ ఏడుస్తూ, రాతి బిడ్డ మెడ పట్టుకొని కింద పడకుండా నిలదొక్కుకొంది.

"నీ బిడ్డ," అంది బోధినిక చివరికి. "నీ బిడ్డను నాకివ్వు. పెంచి పెద్ద చేస్తాను."

ఎత్తుకొంది. పిల్లను చంకన వేసుకొని భోజనశాల పొయ్యి దగ్గరికి వెళ్లి, శత్రువుల శిబిరం నుంచి తెచ్చిన బియ్యంతో ఆ ఉదయం వండిన అన్నంలో చేయి పెట్టి, మొదటి ముద్ద తెచ్చి హారీతి తెరిచిన అరచేతిలో ఉంచింది. రెండో ముద్ద మెత్తగా పిసికి ఉప్పలిక నోటికి అందించింది. పిల్ల ఏడుపు ఆపి తిన్నది. తిని, మళ్లీ నోరు తెరిచింది.